తెల్లగౌను, చిటికి చీర, కొన్ని చేతులు

కిందటి సంక్రాంతికి మా మేనకోడలు మర్రిగూడ వచ్చింది. వేసవిలో పెండ్లి. ముహూర్తానికి పుట్టపాక పట్టుచీర, మరునాటి విందుకు పట్టూ లేసూ కలిపి కుట్టిన తెల్లగౌను కావాలన్నది ఆ పిల్ల కోరిక. గౌను కూడా ఇప్పటి తీరుది కాదట. నూరేళ్ళ కిందటి దొరసానులు వేసుకున్నట్టు మెడ దాకా మూసి, మణికట్టు దాకా లేసు చేతులతో ఉండాలట. ఫోనులో బొమ్మలు చూపించింది. మా అమ్మ కళ్ళద్దాలు సవరించుకొని చాలాసేపు చూసి, "మంచిగనే ఉన్నది గని, ఉత్త తెల్లబట్ట గడ్తరా బిడ్డా? కొంగుకింత పసుపన్న అద్దు" అన్నది. దానికి కొంగే ఉండదని చెబితే, "కొంగు లేని బట్టేం బట్ట!" అని పక్కకు తిరిగి కూర్చున్నది.

"మామా, ఊకె పుస్తకాలు సదువుతుంటవు గద, ఈ గౌను కథేందో జర చెప్పు" అని మేనకోడలు నా మీద భారం వేసింది. తెలియదని ఒప్పుకోవడానికి మామరికం అడ్డొచ్చింది. ఆ మాట నిలుపుకోవడానికి వెతికిన వెతుకులాటలో దొరికిన సంగతులే ఈ వ్యాసం. దొరసానుల గౌను దగ్గర మొదలుపెట్టినవాణ్ణి తిరిగి తిరిగి మా పొరుగూరి మగ్గం దగ్గరకే వచ్చి చేరాను.

మొదట తెల్లరంగు మాట. ఐరోపాలో పెండ్లికూతురు తెల్లగౌను వేసుకోవడం అనాదిగా వస్తున్న ఆచారమని మనలో చాలామంది అనుకుంటాము. కాదు. 1558లో స్కాట్లాండు రాణి మేరీ ఫ్రాన్సు యువరాజును పెళ్ళాడినప్పుడు తెల్లబట్టలు ధరించింది గాని, అది అందరూ వింతగా చెప్పుకున్న సంగతి. సామాన్యులు తమకున్న బట్టల్లో మేలైనదాన్ని, నీలమో గోధుమరంగో, కడకు నల్లదో వేసుకొని పెండ్లాడేవారు. ఆ బట్టే తరవాత పండుగలకు, చర్చికి పనికివచ్చేది. మాసిపోతే ఉతకలేని తెల్లపట్టు కలవారి వేడుక.

1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి ఆల్బర్ట్‌ను పెళ్ళాడుతూ తెల్లపట్టు గౌను, దాని మీద లేసు ధరించింది. ఆ బొమ్మలు అచ్చుపడి దేశదేశాలకు పాకాయి. తొమ్మిదేళ్ళు తిరిగేసరికి, 1849లో, గోడీస్ లేడీస్ బుక్ అనే అమెరికా స్త్రీల పత్రిక పెండ్లికూతురికి తెలుపే తగిన రంగని అనాదిగా ఆచారం నిర్ణయించిందని వ్రాసింది. ఆచారం వయసు తొమ్మిదేళ్ళు, దానికి పెట్టిన పేరు అనాది! ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. కానీ మన ఇళ్ళలో "మా తాతల నాటి నుంచీ" అనే మాట ఎన్నింటికి తగిలించామో లెక్కవేసుకున్నాక ఆ నవ్వు ఆగిపోయింది.

రాణి లేసు ఎందుకు కోరుకున్నది? అక్కడే అసలు కథ ఉన్నది. ఇంగ్లండులో డెవన్ అనే సీమ ఉన్నది. అక్కడి హానిటన్ లేసు పేరుపొందినది. చిన్న చిన్న కండెలకు దారం చుట్టి, దిండు మీద గుండుసూదులు గుచ్చి, ఆ సూదుల చుట్టూ కండెలను అటూ ఇటూ దాటిస్తూ అల్లే లేసు అది. బెత్తెడు లేసుకు రోజులు పట్టేవి. పందొమ్మిదో శతాబ్దం మొదటి దశకం చివర జాన్ హీత్‌కోట్ అనేవాడు లేసు వలను నేసే యంత్రం కనిపెట్టాడు. 1816లో లడ్డైట్లు, అంటే యంత్రాల మీద తిరగబడిన పనివాళ్ళు, లాఫ్‌బరోలోని అతని కార్ఖానాలో యంత్రాలను పగులగొట్టారు. అతడు అక్కడి నుంచి మకాం ఎత్తివేసి టివర్టన్ చేరుకున్నాడు. ఆ టివర్టన్ ఉన్నది కూడా డెవన్‌లోనే! చేతి లేసు పుట్టింటి పెరట్లోనే యంత్రపు లేసు కాపురం పెట్టింది.

చేతి లేసు ధర పడిపోయింది. అల్లేవారి పొయ్యిలో పిల్లి లేవలేదు. ఆ స్థితిలో రాణి తన పెండ్లికి ఆ లేసునే తెప్పించుకున్నది. బీర్ అనే సముద్రపుటొడ్డు పల్లెలోనూ ఆ చుట్టుపట్లా రెండువందలమందికి పైగా స్త్రీలు నెలల తరబడి కూర్చుని దానిని అల్లారు. గౌను పట్టు లండనులోని స్పిటల్‌ఫీల్డ్స్ మగ్గాల మీద నేసింది. అక్కడి నేతగాళ్ళదీ అప్పటికి చితికిన బ్రతుకే. అంటే, ఈనాడు ప్రపంచమంతా ప్రణయానికి గుర్తుగా చూస్తున్న ఆ గౌను, పుట్టుకలో ఒక ఆదరువు పని. మన భాషలో చెప్పాలంటే కరువు పని.

సంగతి ఇక్కడితో ఆగితే ఇది ఒక రాణి దయ కథ అయ్యేది. మరొకచోట చూడండి. 1845లో ఐర్లండులో ఆలుగడ్డ పంటకు తెగులు తగిలింది. ఆ తరవాతి కొన్నేళ్ళలో పది లక్షల మంది చచ్చిపోయారని, మరెందరో ఓడలెక్కి దేశం విడిచారని చరిత్ర. ఆ రోజుల్లో క్రైస్తవ సన్యాసినులు, కొందరు గొప్పింటి స్త్రీలు పల్లెల్లోని ఆడవారికి క్రోషే లేసు నేర్పారు. డెవన్ లేసుకు దిండూ కండెలూ కావాలి, ఏళ్ళ అభ్యాసం కావాలి. క్రోషేకు ఒక కొక్కెపు సూది, ఒక దారపు ఉండ చాలు. ఒకరు గులాబీలు అల్లితే ఒకరు ఆకులు అల్లేవారు, వేరొకరు వాటిని సన్నని వల మీద కలిపేవారు. ఆ లేసు అమ్మిన డబ్బుతో ఎన్నో కుటుంబాలు కూడు తిన్నాయి, కొన్ని ఓడ కేవు చెల్లించుకున్నాయి. నేడు మా మేనకోడలు ముచ్చటపడ్డ 'నూరేళ్ళ నాటి గౌను' బొమ్మల్లో సగానికి సగం ఈ ఐరిష్ క్రోషేవే.

ఇక్కడి నుంచి కథ మన గోదావరికి వస్తుంది. 1832-33 నాటి నందననామ సంవత్సరపు కరువును గుంటూరు వైపు డొక్కల కరువన్నారు. గోదావరి జిల్లా కూడా ఆ దశాబ్దమంతా కరువుతో, తుపానులతో చితికిపోయింది. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, ముగిసింది 1852లో. ఈ నడుమకాలంలోనే మిషనరీలు డెల్టాకు వచ్చారు. 1836లో డెవన్ సీమ నుంచే బౌడెన్, బీర్ అనే ఇద్దరు భార్యలతో సహా వచ్చి మిషను నెలకొల్పారు. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు నరసాపురం వైపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. మొదట మతం మారిన బీద స్త్రీలకు, తరవాత క్రమంగా ఇతర కులాల వారికీ ఈ పని పాకింది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపట్ల పల్లెల్లో అరుగుల మీద ఆడవారు సూదీ దారంతో కూర్చునే దృశ్యం అట్లా మొదలైంది. వారు అల్లినవి బల్లగుడ్డలై, దుప్పట్లై, జాకెట్లకూ గౌన్లకూ అంచులై ఐరోపాకు, అమెరికాకు, ఆస్ట్రేలియాకు ఎగుమతి అయ్యాయి. తెలుగు స్త్రీ అల్లిన అంచు ఎక్కడో ఒక పెండ్లికూతురి మణికట్టును చుట్టుకొని ఉంటుంది. ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు.

1970ల చివర మరియా మీస్ అనే జర్మను సమాజశాస్త్రవేత్త నరసాపురం పల్లెల్లో తిరిగి, 1982లో 'నరసాపురం లేసు అల్లేవారు' అనే అర్థం వచ్చే పేరుతో ఆంగ్లంలో పుస్తకం వెలువరించింది. అప్పటికి ఈ పనిలో ఉన్న స్త్రీలు లక్షకు పైమాటేనని అంచనా. ఇంటిపని చేసుకుంటూ రోజుకు ఆరేడు గంటలు అల్లినా చేతికి రూపాయి కూడా దక్కేది కాదు. పని ముక్కలు ముక్కలుగా సాగేది. పువ్వులు అల్లేవారు వేరు, వాటిని కలిపే అతుకుపని వారు వేరు. పూర్తయిన సరుకు ఎట్లా ఉంటుందో, ఏ దేశానికి పోతుందో చాలామందికి తెలియదు. ఏజెంట్లు, వర్తకులు, ఎగుమతిదారులు మాత్రం మగవారు.

ఆమె పట్టుకున్న అసలు కీలకం ఏమిటంటే, ఈ స్త్రీలను ఎవరూ పనివారని అనుకోలేదు. వారూ అనుకోలేదు. "ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళు తీరిక వేళ అల్లుకుంటారు" అన్న ఒక్క మాట ఆ కూలిని అంత తక్కువగా నిలబెట్టింది. గడప దాటకపోవడం పరువుగా భావించే కుటుంబాల్లో ఈ పని ఆ పరువును కాపాడింది కూడా. బయటికి పోయి కూలి చేయడం లేదు కదా! ఆ పరువుకు వారు చెల్లించిన ధర ఆ రూపాయిలో లోటే.

ఇక మా వైపుకు వస్తాను. మర్రిగూడ పేరు పత్రికల్లో చదివినవారికి అది ఫ్లోరైడు నీటి వల్లనే తెలిసి ఉంటుంది. మా మండలపు పల్లెల్లో వంకరపోయిన కాళ్ళూ చేతులూ చూసి, ఆ ఊళ్ళకు పిల్లనివ్వడానికి, అక్కడి పిల్లను తెచ్చుకోవడానికి జనం జంకిన రోజులున్నాయి. కృష్ణాజలాలు ఇండ్లకు వచ్చాక ఆ బెడద తగ్గింది. అందుకే మా దగ్గర పెండ్లి అంటే ఉత్త వేడుక కాదు, ఊరు నిలబడ్డదనడానికి గుర్తు. ఆ పెండ్లికి కట్టే బట్ట మా పొరుగునే పుట్టపాకలో, గట్టుప్పలలో, కాస్త ఆవల పోచంపల్లిలో నేస్తారు. దారాన్ని ముందే చిక్కు లేకుండా పేర్చి, గీత గీసి, రబ్బరు పట్టీలతో ముళ్ళు కట్టి, రంగులో ముంచి, విప్పి మళ్ళీ కట్టి మళ్ళీ ముంచి, ఆ తరవాత మగ్గమెక్కించే పద్ధతి. మా వైపు దీనిని చిటికి అంటారు, లోకం ఇక్కత్ అంటుంది. బట్ట మీద బొమ్మ వేయరు. నూలులోనే దాచిన బొమ్మ నేతలో బయటపడుతుంది. పడుగు, పేక రెండింటికీ ముళ్ళు కట్టి, రెండు రంగులూ ఒకేచోట కలిసేటట్టు నేసేది జంట ఇక్కత్. పుట్టపాకకు పేరు తెచ్చినది అదే. ఆ ఊరి గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది.

చీర "తాతల నాటిది" అని మేనకోడలికి మా అమ్మ చెప్పింది. ఇక్కడ కూడా గోడీస్ పత్రిక సంగతే! మా వైపు నేతగాళ్ళు తాతల నాడు నేసింది పట్టు కాదు, నూలు తేలియా రుమాలు. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలును నానబెట్టి, ఎరుపు నలుపు రంగులద్ది నేసే చదరపు గుడ్డలవి. నూనె వాసన వచ్చే ఆ రుమాళ్ళు చీరాల నుంచి, మా ప్రాంతం నుంచి అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు ఓడల మీద పోయేవి. తలగుడ్డగా కడితే చల్లగా ఉండేదట. ఆ బజారు సన్నగిల్లినప్పుడు మగ్గాలు ఆగిపోయే స్థితి వచ్చింది. అప్పుడు, 1960ల చివర, 1970ల మొదట, పోచంపల్లి వైపు నేతగాళ్ళు బనారసు పోయి పట్టునేత నేర్చుకున్నారు. పట్టు బెంగుళూరు నుంచి, జరీ సూరతు నుంచి వచ్చింది. చేతిలో ఉన్న పాత చిటికి విద్యను కొత్త దారం మీద పెట్టి పెండ్లిచీర తయారుచేశారు. మగ్గం మళ్ళీ ఆడింది.

అంటే మా పెండ్లిపట్టు వయసు అరవై ఏళ్ళ లోపే. దీనిని తక్కువచేసి చెప్పడం లేదు. డెవన్‌లో, ఐర్లండులో, నరసాపురంలో, నల్లగొండలో ఒకే సంగతి కనిపిస్తున్నది. పెండ్లిబట్టలో మనం మురిసిపోయే పాతదనం ఎక్కడా తీరుబడిగా పుట్టలేదు. పని పోయినవాడో, పంట పోయినవాడో బ్రతకడానికి కనిపెట్టిన కొత్తదాన్ని, కడుపు నిండినవాళ్ళం పాతదని పేరు పెట్టి ముచ్చటపడుతున్నాము. భావనారుషి తామరతూళ్ళ నుంచి దారం తీసి దేవతలకు బట్ట నేశాడని పద్మశాలీలు చెప్పుకుంటారు. ఆ కథలో కూడా దేవతలకు బట్ట లేకపోవడం ముందు, నేత తరవాత.

లేసులో ఉన్న 'తీరిక' మా చీరలోనూ ఉన్నది. మగ్గం మీద కూర్చున్నవాడు మనకు కనిపిస్తాడు. అతనికి ముందు ఇంట్లో ఆడవారు ఆసు పోయాలి. అర్ధచంద్రంలా మేకులు అమర్చిన చట్రం మీద పేక దారాన్ని ఒక కొస నుంచి మరొక కొసకు చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు ఆ చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. భుజాలు పడిపోయేవి. ఆలేరు వైపు చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక ఏళ్ళ తరబడి కుస్తీపట్టి 1999లో ఆసు యంత్రం చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. హీత్‌కోట్ యంత్రం చేతుల నుంచి పనిని లాక్కున్నది, మల్లేశం యంత్రం నొప్పిని తీసుకొని పనిని వదిలిపెట్టింది. యంత్రాలన్నిటినీ ఒక్కగాట కట్టి తిట్టకూడదని నాకు అప్పుడు అర్థమైంది. అయితే ఒక్క చిక్కు. ఆసు పోసినందుకు భార్యకు వేరే కూలి అంటూ లేదు. చీర కూలిలోనే అదీ కలిసిపోయింది.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, తేలియా రుమాలుకు 2020లో, నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మంచిదే. కానీ ఇక్కత్ బొమ్మను యంత్రం మీద అచ్చుకొట్టి పది చీరలను ఒక చీర ధరకు అమ్ముతూనే ఉన్నారు. గౌన్ల కోసం బజారులో దొరికే 'పాతకాలపు' లేసు చాలావరకు యంత్రపు సరుకే. ఒక్క క్రోషే మాత్రం తప్పించుకున్నది. అసలైన క్రోషే ముడిని అల్లగల యంత్రం వాడుకలోకి రాలేదు. కనుక ఎక్కడ అసలు క్రోషే కనిపించినా దాని వెనుక ఒక చేయి ఉన్నదని తడుముకోకుండా చెప్పవచ్చు. చేతిపనికి ఇంతకంటే గట్టి సాక్ష్యం మరొకటి లేదు. ఆ సాక్ష్యం చెప్పే చేతికే అందరికంటే తక్కువ కూలి.

గౌను చివరకు ఇట్లా తయారైంది. పుట్టపాకలో నేయించిన సాదా దంతపు రంగు పట్టు, దానికి నరసాపురం క్రోషే చేతులు, మెడపట్టీ. పట్టు బరువు నిలువుగా జారాలి, లేసు దానిని పట్టి లాగకూడదు. అందుకని దర్జీ లేసుకు లోపల పలుచని వల వేసి, పువ్వుల అంచు వెంట కత్తిరించి చేత్తో కుట్టాడు. ముళ్ళూ రంగులూ ఉన్నది చీరకే. గౌనులో ముడి ఒక్క లేసుదే.

బట్ట తెచ్చేటప్పుడు మేనకోడలు నేతగాడి పేరు అడిగింది, చెప్పాడు. ఆసు పోసిందెవరని అడిగింది. ఆ మాట అతనిని ఎవరూ అడిగి ఉండరు. నవ్వి, లోపలికి చూసి, భార్య పేరు చెప్పాడు. లేసు తెప్పించిన వర్తకుడికి ఫోను చేసి ఇదే అడిగితే, "పేర్లేముంటాయండీ, ఊళ్ళో ఆడవాళ్ళు తీరిక వేళ అల్లుతారు" అన్నాడు. మీస్ పుస్తకం వచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఆ మాట మాత్రం చెక్కుచెదరలేదు.

విందు రోజున మా అమ్మ గౌను అంచు లోపలివైపు, ఎవరికీ కనబడనిచోట, చిటికెడు పసుపు అద్దింది. కొంగు లేకపోతే మానె అన్నది.

మిత్రులకు ఒక మనవి. మీ ఇంట పెండ్లికి బట్ట కొనేటప్పుడు ధరతోపాటు ఇది ఎవరి చేతిదని కూడా ఒక మాట అడగండి. జవాబు రాకపోవచ్చు. నలుగురూ అడిగితే ఏదో ఒకనాడు పేర్లు రాసిపెట్టుకోవలసి వస్తుంది. పేరు రాసినచోట కూలి కూడా రాయవలసి వస్తుంది. నరసాపురం, పాలకొల్లు వైపు మిత్రులెవరైనా తమ అమ్మమ్మలు, నాయనమ్మలు లేసు అల్లిన రోజుల గురించి, అప్పటి కూలి గురించి వ్రాస్తే ఎంతో సంతోషిస్తాను. మా మేనకోడలికి చెప్పవలసిన కథలో ఇంకా ఆ ముక్క మిగిలే ఉన్నది.